సిస్టర్ మెచ్చిన మనిషి

ఆరోగ్య కేంద్రం గేటుకి ఎదురుగానే నా కాఫీ పాక. పొద్దున్నే గింజలు వేయించి, దంచి, కూజా పొయ్యి మీద పెట్టేసరికి మొదట వచ్చేది టీబీ గదిలో మందు మింగడానికి వచ్చేవాళ్ళే. ఆ గదిని పెద్ద భవనంలో కాకుండా గేటు పక్కనే విడిగా కట్టారు. కిటికీలు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. బయట చూరు కింద ఒక బల్ల వేశారు. ఆ బల్ల మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళందరికీ కనబడతారు. అందుకని కొందరు నా పాకలో ఒక మూల నక్కి, లోపల్నించి పేరు పిలిచాక అటు ఉరుకుతారు.

ఆ ఏడు వానలు ఇంకా తగ్గకముందే మా కొండ మీది నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఒకే వారంలో మందు మొదలుపెట్టారు. ఒకామె బోగాలెచ్, మొగుడు పోయిన మనిషి. సంతలో వాసా అమ్ముతుంది. అరటిలా ఉండే వేసె చెట్టు కాండం గీరి, గోతిలో పులియబెట్టి తీసిన పిండి అది. మా కొండ మీద మూడు పూటలా తినేది దాన్నే. ఆమె నోటికి సంతంతా భయపడుతుంది. కానీ దగ్గు పట్టుకున్నాక, ఆమె దగ్గర పిండి కొనేవాళ్ళు మెల్లగా పక్క గంపల వైపు జరిగారు. రెండో మనిషి దరారో, మా అన్న కొడుకు లంకామో పెళ్ళాం. చిన్నది, చంకలో ఆడపిల్ల. మందుకి వచ్చిన మొదటి రోజు ఆమె మణికట్టు చూసి నాకు ఏడుపొచ్చింది. ఎముక మీద తోలు కప్పినట్టుంది.

టీబీ గదిలో ఉండేది సిస్టర్ హిరుత్. ఆమె గొంతు పైకి లేవడం అప్పటిదాకా నేను వినలేదు. వచ్చినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తుంది. ఇంట్లో ఆవు ఈనిందా, అబ్బాయి బడికి వెళ్తున్నాడా అని అడుగుతుంది. ఇంతకుముందు అక్కడుండేవాడు మాత్రలు కుక్కకి విసిరినట్టు విసిరేవాడు. అతని తర్వాత వచ్చింది కాబట్టి హిరుత్‌ని అందరూ దేవుడు పంపిన మనిషిలా చూసుకునేవాళ్ళు.

మందు మొదలైన కొత్తలో దరారో మాత్రలు మింగిన కాసేపటికే బల్ల పక్కన వాంతి చేసుకుంది. అందరూ చూస్తున్నారు. పిల్ల సిగ్గుతో చచ్చిపోతోంది. సిస్టర్ బయటికొచ్చి, తన భుజం మీది తెల్ల కండువా కొంగుతో ఆమె మొహం తుడిచింది. మర్నాటి నుంచి సంచిలో రొట్టె ముక్క తెచ్చి, ముందు అది తినిపించి తర్వాత మందు ఇచ్చేది. దరారో తల్లి ఆమె నడక నేర్చేటప్పుడే పోయింది. తన మొహం ఎవరైనా తుడిచిన గుర్తే లేదని, ఆ రోజు ఇంటికి వెళ్తూ నాతో అంది. ఆ మాట అంటూ నవ్వింది కానీ, కళ్ళు మాత్రం నవ్వలేదు.

అప్పట్నుంచి దరారో తెల్లారకముందే కొండ దిగేది. జారే మట్టిలో, వానలో, పిల్లని వీపున కట్టుకుని వచ్చేది. సిస్టర్‌కి అది ఎంత సంతోషమో. కొత్తగా వచ్చినవాళ్ళు మందుకి భయపడుతుంటే దరారోని చూపించి, "ఇదుగో, మా బంగారు తల్లిని చూడండి. ఒక్క రోజూ తప్పలేదు" అనేది. దరారో తల వంచుకునేది. మెచ్చుకోలు తెలియని పిల్ల, ఆ మాటతో రోజంతా గడిపేది.

బోగాలెచ్ సంగతి వేరు. మొదటి రోజే తగువు. దగ్గొస్తుంటే మొహం అటు తిప్పుకోమ్మా అని సిస్టర్ అన్నందుకు, నా మొహం అటు తిప్పమని మా ఆయనే ఏనాడూ అనలేదు, నువ్వెవరివి అని లేచింది. తలుపు ఆలస్యంగా తీశారని ఒక రోజు, నీళ్ళ కుండలో చీమలున్నాయని ఇంకో రోజు. ఇవి మనుషులు మింగే మాత్రలా, గాడిదలకి పెట్టేవా అని మరో రోజు. చివరికి తన నీళ్ళు తానే డబ్బాలో మోసుకొచ్చుకునేది.

ఆ మందు వేసుకుంటే ఒంటేలు ఎర్రగా వస్తుంది. ఆ మాట సిస్టర్ మొదటి రోజు చెప్పిందట కానీ, అప్పుడు చెప్పిన వంద మాటల్లో బోగాలెచ్‌కి అది ఎక్కలేదు. పెరట్లో ఎర్రగా చూసుకుని, నెత్తురంతా పోతోందనుకుని, పాస్టర్‌ని పిలిపించి ఆఖరి ప్రార్థన కూడా చేయించుకుంది. పొలం ఎవరికి పోవాలో చెప్పేసింది. తెల్లారింది. చావు రాలేదు. తిన్నగా కొండ దిగి వచ్చి సిస్టర్ మీద పడింది. నా పాకలో కూర్చున్నవాళ్ళు కప్పులు కింద పెట్టి మరీ విన్నారు. పాస్టర్‌కి కోసిన కోడి ఎవరిస్తారని ఆమె ప్రశ్న. సిస్టర్ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోబోయింది. అది చూసి బోగాలెచ్ ఇంకా మండిపడింది.

ఒకసారి బంధువుల ఇంట్లో చావుకి వెళ్ళి మందు తప్పింది. మర్నాడు వచ్చి, బల్ల మీద అందరూ ఉండగానే గట్టిగా చెప్పేసింది. సిస్టర్ మెల్లగానే, చెప్పి వెళ్తే మాత్రలు ఇచ్చి పంపేదాన్ని కదా అంది.

"చచ్చేవాడు నిన్నడిగి చస్తాడా? ఏడవడానికి వెళ్ళనా, నీ దగ్గర సెలవు చీటీ రాయించుకోవడానికి రానా?"

"సరే అమ్మా. తప్పిన రోజు చివర్లో కలుపుతాను."

"కలుపు. ఎన్ని కలుపుతావో కలుపు. ఈ బల్ల మీదే ముసలిదాన్నవుతాను."

ఆమె వెళ్ళాక సిస్టర్ నా పాకకి వచ్చి కూర్చుంది. కాఫీ తాగుతూ, ఈమె ఎన్నాళ్ళో రాదు పిన్నీ, నాలుగు రోజుల్లో మానేస్తుంది చూడు అంది. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత ఒకసారి బోగాలెచ్‌నే అడిగాను, అంత కోపం ఉన్నదానివి రోజూ ఎందుకు వస్తున్నావని. "నేను మానేసి చచ్చాననుకో. 'గయ్యాళిది, చెబితే వినలేదు, పోయింది' అంటుంది ఆ పిల్ల. దాని నోట ఆ మాట రానిస్తానా?" అంది.

రోజూ వచ్చి సిస్టర్ ఎదుట మింగాల్సిన కాలం ముగిసింది. తెమడ పరీక్షలో ఇద్దరికీ ఏమీ కనబడలేదు. ఇక మీదట వారానికొకసారి వచ్చి మాత్రలు పట్టుకెళ్ళి ఇంట్లో వేసుకోవచ్చు. వేసుకుంటున్నారో లేదో చూడటానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి. దరారోకి ఆమె అత్త, అంటే మా వదిన, ఒప్పుకుంది. బోగాలెచ్ మాత్రం, నా మీద కాపలా కాసేవాడు ఇంకా పుట్టలేదని, తన పేరే రాసుకోమంది. సిస్టర్ ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా పేరు రాయించారు. నేను కాపలా కాసిందేమీ లేదు. సంతకి వచ్చినప్పుడల్లా ఆమే నా పాక ముందు నిలబడి, వేసుకున్నాను రాసుకో అని అరిచి పోయేది.

ఈలోగా కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. మా కొండల్లో ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ ఉండరు. చీకటితోనే తోటల్లోకి వెళ్ళాలి. ఏరినంత కూలి. దరారో కూడా వెళ్ళింది. ఒళ్ళు కాస్త కుదుటపడింది, బుగ్గలు నిండాయి. పొద్దున్నే పరగడుపున మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పి, తోటలో నిలబడలేకపోయేది. సిస్టర్ పెట్టే రొట్టె ముక్క ఇక్కడ లేదు. వాసా కాల్చే తీరికా లేదు. ఒక రోజు మానేసింది. ఆ రోజు గంప నిండింది. ఏమీ కాలేదు. ఇంకో రోజు మానేసింది. మా వదినకి అది తెలుసు. కానీ కోడలికి టీబీ అని నలుగురికీ తెలియడం ఆమెకి ఎప్పుడూ ఇష్టం లేదు. ఒళ్ళు బాగయింది కదా, ఇంకా ఎందుకు ఆ గది చుట్టూ తిరగడం అనేది.

వారం చివర మందు కోసం వచ్చే రోజు కొన్ని మాత్రలు మిగిలిపోయాయి. సిస్టర్ ఖాళీ అట్టలు అడుగుతుంది. దరారో మిగిలిన మాత్రలు ఊడదీసి, వేసె చెట్టు మొదట్లో గుంట తవ్వి పాతిపెట్టి, ఖాళీ అట్టలు పట్టుకొచ్చింది. సిస్టర్ వాటిని చూసి, నా బంగారు తల్లీ అని బుగ్గ తట్టింది. దరారో ఆ రోజు నా పాకలో ఆగకుండా వెళ్ళిపోయింది. పంటకాలం, తొందర అనుకున్నాను.

ఆ మరుసటి వారమో ఆ పై వారమో పట్నం కాలేజీ నుంచి పేత్రోస్ అనే కుర్రవాడు వచ్చాడు. చదువు కోసం రోగులని ప్రశ్నలు అడగాలట. ఇక్కడి సేవతో తృప్తిగా ఉన్నారా, మందు ఎప్పుడైనా తప్పిందా, అవే ప్రశ్నలు అందరికీ. చూరు కింద చోటు లేక నా పాకలోనే కూర్చున్నాడు.

దరారో వంతు వచ్చింది. అన్నిటికీ బాగుంది, చాలా బాగుంది అంది. సిస్టర్ గురించి అడిగితే, మా అమ్మ బతికుంటే అలా ఉండేదేమో అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది అబద్ధం కాదు. మందు తప్పిందా అంటే మాత్రం, లేదంది. పేత్రోస్ ఎంతో సంతోషంగా రాసుకున్నాడు.

తర్వాత బోగాలెచ్ కూర్చుంది. తృప్తిగా ఉన్నారా అమ్మా అని అడిగాడు పాపం.

"తృప్తా? నాయనా, నువ్వు తృప్తి అన్నావా? రాసుకో."

ఇక మొదలుపెట్టింది. తలుపు, చీమలు, గాడిద మాత్రలు, పాస్టర్ కోడి. మొదటి రోజు మొహం తిప్పుకోమన్న మాట దాకా వెళ్ళింది. పేత్రోస్ కప్పులో కాఫీ చల్లారిపోయింది, నేను మళ్ళీ పోశాను. చివర్లో మందు తప్పిందా అని అడిగితే, చావుకి వెళ్ళినప్పుడు ఒకసారి, సంతలో తగువయి సంచి పోయినప్పుడు ఒకసారి, ఆ రెండూ ఆ సిస్టర్ పిల్లకి చెప్పాను, కావాలంటే దాన్నే అడుగు అంది. ఆ మాటలన్నీ సిస్టర్ చెవిన పడ్డాయి. ఆ సాయంత్రం మొహం వాడిపోయి వచ్చి కూర్చుంది. ఆమె కోసం ఇంత చేశాను పిన్నీ, ఒక్కటంటే ఒక్కటి మంచి మాట చెప్పలేదు అంది.

ఆ తర్వాత దరారో రెండు వారాలు రాలేదు. ఆడబిడ్డ చేత కబురు పంపింది, పుట్టింటికి వెళ్ళాను, అక్కడి ఆసుపత్రిలో మందు తీసుకుంటున్నాను అని. పుట్టింట్లో ఆమెకి ఎవరున్నారని. కానీ నేను లేని రోజు వచ్చింది ఆ కబురు, సిస్టర్ నమ్మింది.

దగ్గుని మొదట పసిగట్టింది బోగాలెచ్. కొండ అవతలి పెద్ద సంతలో ఎవరో వెనకనించి దగ్గుతున్నారట. ఆ దగ్గు నాకు తెలుసు వదినా, అది నా ఛాతీలో ఏడాది ఉన్న దగ్గు అని తర్వాత నాతో చెప్పింది. తిరిగి చూస్తే, కండువా నోట్లో కుక్కుకుని, గింజల గంప వెనక కూర్చుని ఉంది దరారో. బోగాలెచ్ తన గంప అక్కడే వదిలేసి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఆమె నాకు మాటకి మాట చెప్పింది.

"మందు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను పెద్దమ్మా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

దరారో చూడలేదు. మానేసి చాలా రోజులయిందని చెప్పింది. మరి సిస్టర్ దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు కదా, నిన్ను నెత్తిన పెట్టుకుంటుందిగా అంది బోగాలెచ్.

"అందుకే వెళ్ళలేను పెద్దమ్మా. అందరి ముందూ నన్ను చూపించి చెప్పేవారు. ఒక్క రోజూ తప్పలేదని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? తిడితే పడతాను. తిట్టరు. మొహం చిన్నబుచ్చుకుంటారు. అది నేను చూడలేను."

"చూడలేక చస్తావా?"

జవాబుకి బదులు దగ్గు వచ్చింది, పిల్ల వీపు మీద ఎగిరెగిరి పడింది అంది బోగాలెచ్.

మర్నాడు పొద్దున్నే బోగాలెచ్ కొండ దిగింది. అది ఆమె మందు రోజు కాదు. సిస్టర్ అప్పుడే తాళం తీస్తోంది. కిటికీలు తెరిచే ఉన్నాయి, నాకు అన్నీ వినబడ్డాయి.

"నీ బంగారు తల్లి మందు మానేసింది. దగ్గుతోంది."

సిస్టర్ నమ్మలేదు. పుట్టింట్లో తీసుకుంటోందని చెప్పింది. పుట్టింట్లో గోడలే తప్ప మనిషి లేడని బోగాలెచ్ చెప్పింది.

"నాకెందుకు చెప్పలేదు? నేను ఆ పిల్లని ఏనాడైనా ఒక్క మాట అన్నానా?" అంది సిస్టర్.

"అనలేదు. అదే వచ్చిన తంటా. చూడమ్మా, నీ దగ్గర నాకు పోయే పేరేమీ లేదు. మందు తప్పితే తప్పిందని వచ్చి అరుస్తాను, నువ్వు మూతి ముడుస్తావు, అయిపోయింది. దానికి నువ్వు పేరిచ్చావు. ఆ పేరు పోతుందని ప్రాణం పోగొట్టుకుంటోంది."

సిస్టర్‌కి కోపం వచ్చింది. మొదటిసారి ఆమె గొంతు పైకి లేచింది. మంచిగా ఉండటం కూడా నా తప్పేనా అంది. నీ తప్పో దాని తప్పో దేవుడు చూసుకుంటాడు, నువ్వు ముందు కొండెక్కు అని చెప్పి బోగాలెచ్ బయటికొచ్చేసింది. నా పాక ముందు ఆగి, ఆ పిల్లని నేను లాక్కొస్తే ఊరంతా చూస్తుంది, అది ఇంకా దాక్కుంటుంది, నువ్వు దారి చూపించు అంది నాతో.

ఆ మధ్యాహ్నం నేనూ సిస్టరూ కొండెక్కాం. ఆమెకి ఆ దారి అలవాటు లేదు. చెప్పులు చేత పట్టుకుని, మట్టిలో జారుతూ, ఒక్క మాటా మాట్లాడకుండా ఎక్కింది. మమ్మల్ని చూడగానే మా వదిన గుమ్మంలోకి వచ్చి, కోడలు ఇంట్లో లేదంది. అదే సమయానికి ఇంటి వెనక వేసె చెట్ల లోంచి దగ్గు వినబడింది. వదిన నేల వైపు చూసింది. నేను ఇంకోవైపు చూశాను.

సిస్టర్ గడప పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా పంపే అలవాటు మాకు లేదు. వదిన కూజా పెట్టింది. గింజలు వేయించింది, దంచింది. మొదటి కప్పు తాగుతుండగా దరారోనే వచ్చింది. చేతిలో పిల్ల. చెట్టు మట్టలు రెండు జుట్టుకి చిక్కుకుని ఉన్నాయి. గుమ్మానికి కాస్త దూరంలో నిలబడిపోయింది.

సిస్టర్ మెత్తగా పలకరిస్తుందనుకున్నాను. దరారో కూడా అదే అనుకుని, ఆ మెత్తని మాటకే భయపడుతోంది. సిస్టర్ లేచి నిలబడింది.

"సిగ్గుందా నీకు? రాత్రంతా ఆ బిడ్డ ఎవరి రొమ్ము మీద పడుకుంటుంది? దాని మొహం మీద దగ్గుతున్నావా లేదా? నన్ను మోసం చేశావు సరే, దాన్నేం చేద్దామనుకున్నావు?"

అలా చాలా అంది. కొన్ని మాటలు ఇక్కడ చెప్పలేను. మా వదిన అడ్డం రాబోతే ఆమెకీ నాలుగు తగిలాయి, కోడలి మందు చూడమంటే కోడలి పరువు చూశావా అని. అంటూనే సిస్టర్ కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ అంది. దరారో తలెత్తి ఆమెనే చూస్తోంది. మాటలు పడేకొద్దీ భుజాలు దిగాయి. చివరికి అక్కడే నేల మీద కూలబడి, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, మొత్తం చెప్పింది. తోట, గంప, కడుపులో తిప్పడం, పాతిపెట్టిన మాత్రలు, ఆడబిడ్డ చేత పంపిన అబద్ధం. ఒక్కటీ దాచలేదు. సిస్టర్ నిలబడి వింది, తర్వాత కూర్చుని వింది.

"మొదటి రోజు తప్పినప్పుడే చెప్పి ఉంటే రొట్టె ఇంటికిచ్చి పంపేదాన్ని కదే," అంది చివరికి. గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. "కాస్త ఏదైనా తిని వేసుకో, సాయంత్రం వేసుకో అని చెప్పేదాన్ని."

"మీరు అడగలేదు," అంది దరారో. వెంటనే నాలుక కరుచుకుంది.

సిస్టర్ చల్లారిన కాఫీ గటగటా తాగేసింది.

దరారో తెమడలో పురుగు మళ్ళీ కనబడింది. మధ్యలో మానేస్తే ఒక్కోసారి పురుగు మొండికెత్తి పాత మందుకి లొంగదట. అప్పుడు మందు వేరు, ఏళ్ళూ పూళ్ళూ పట్టొచ్చు. అది తేల్చడానికి తెమడ పట్నానికి పంపారు. ఆ కబురు వచ్చేదాకా లంకామో సరిగ్గా తిండి తినలేదు. తోట పని వదిలి రోజూ నా పాకకి వచ్చి గేటు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఇంతకాలం పెళ్ళాం ఏం మింగుతోందో, ఏం మానిందో పట్టించుకోనివాడు. చివరికి దేవుడు దయ చూశాడు. పాత మందే పనిచేస్తుందన్నారు. కానీ మళ్ళీ మొదటినించి మొదలుపెట్టాలి. పిల్లకి జబ్బు అంటలేదు. అయినా రాకుండా దానికీ కొన్నాళ్ళు మందు వేశారు.

ఈసారి దరారోకి ఇంటి దగ్గర ఎవరు చూస్తారన్న మాట వచ్చింది. బోగాలెచ్ నేను చూస్తానంది. అప్పటికి ఆమె మందు పూర్తయిపోయింది. పూర్తయిన రోజు కూడా, ఇన్నాళ్ళు మింగినందుకు ఒక కప్పు కాఫీ అయినా పోశారా అని అడిగి వెళ్ళిన మనిషి. మా వదిన గుండెలు బాదుకుంది. బోగాలెచ్ చూడటం అంటే కంచె అవతల నిలబడి, దరారో, మందు వేసుకున్నావా అని కొండంతా వినబడేలా అరవడమే. నిజంగా అలాగే అరిచింది. మొదటి వారం వదిన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత ఆ అరుపు కోడి కూతలాగే అయిపోయింది, ఎవరూ చెవిన పెట్టలేదు. ఒకరోజు రెండిళ్ళ అవతలి ముసలాయన, చాలాకాలంగా చాటుగా దగ్గుతున్నవాడు, బోగాలెచ్ గుమ్మానికి వచ్చి, ఆ గది ఏ వేళప్పుడు తెరుస్తారో అడిగాడు. ఆలస్యంగా తెరుస్తారు, నువ్వు మాత్రం ముందే వెళ్ళు అని చెప్పిందట.

గదిలో కూడా కొంత మారింది. సిస్టర్ ఎవరినీ చూపించి మెచ్చుకోవడం మానేసింది. వచ్చినవాళ్ళని, మందు తప్పిందా అని అడగదు. ఈ వారం ఎన్ని తప్పాయి అని అడుగుతుంది, తప్పడం లోకంలో అందరికీ జరిగేదే అన్నట్టు. మొదటిసారి ఆ ప్రశ్న విన్న ఒక పెద్దాయన నవ్వి, అడిగారు కాబట్టి చెబుతున్నా, రెండు అన్నాడు. బల్ల మీదివాళ్ళందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. కొన్ని సంగతులు విని సిస్టర్ బిత్తరపోయింది. ఇన్నాళ్ళూ అందరూ నన్ను పొగుడుతుంటే పని బాగా జరుగుతోందనుకున్నాను పిన్నీ అంది నాతో.

పేత్రోస్ అడిగిన ప్రశ్నల ఫలితం వచ్చిందని ఆరోగ్య కేంద్రంలో ఒక సభ పెట్టారు. నన్ను కాఫీ పోయడానికి పిలిచారు. ఇక్కడి రోగుల్లో చాలామంది ఎంతో తృప్తిగా ఉన్నారని పెద్దాయనెవరో చదివాడు. చప్పట్లు కొట్టారు. సిస్టర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చప్పట్లు ఆగాక పేత్రోస్‌ని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. అతను తల గోక్కున్నాడు.

దరారోకీ సిస్టర్‌కీ మధ్య మునుపటి మురిపెం మళ్ళీ రాలేదు. బుగ్గ తట్టడాలు లేవు. దరారో దానికి కొన్నాళ్ళు బాధపడింది. నన్ను క్షమించలేదేమో అత్తా అని నన్ను అడిగేది. నాకేం తెలుసు. రొట్టె మాత్రం మళ్ళీ సంచిలో వచ్చేది, ఈసారి వారానికి సరిపడా.

మందు సగం దాటాక ఒకసారి, లంకామో చెల్లెలి పెళ్ళి హడావుడిలో, రెండు రోజులు తప్పాయి. బోగాలెచ్ ఆ పెళ్ళిలో వంటల దగ్గర తగువులో ఉండి చూసుకోలేదు. దరారో ఆ వారం కొండ దిగి వచ్చింది. నా పాకలో ఆగలేదు. తిన్నగా గదిలోకి వెళ్ళింది. కిటికీలోంచి ఇద్దరూ కనబడుతున్నారు, మాటలు మాత్రం వినబడలేదు. సిస్టర్ చెయ్యి ఊపుతూ ఏదో అంది, దరారో తల ఊపింది, మళ్ళీ ఏదో చెప్పింది. కాసేపటికి మందు సంచి పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తిట్టిందా?" అన్నాను.

"కొంచెం," అంది. కప్పు ముందుకి చాపింది.

మళ్ళీ వానలు పడే కాలానికి ఆమె మందు ముగించింది. తెమడలో ఏమీ లేదు. ఒళ్ళు చేసింది, ఇప్పుడు పిల్లని ఎత్తుకుని నవ్వుకుంటూ కొండెక్కుతుంది. సిస్టర్‌ని ఆ మధ్యే వేరే ఊరికి బదిలీ చేశారు. వెళ్ళే రోజు దరారో ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోసింది. బోగాలెచ్ రాలేదు. సంత రోజు, గంప వదిలి ఎలా వస్తానంది. బస్సు సంత ముందునించే పోతుంది. ఆమె గంప దగ్గర ఆపించి సిస్టర్ దిగిందట. ఏం మాట్లాడుకున్నారో బోగాలెచ్ నాకు చెప్పలేదు.